రికార్డు ఒక్కసారి, డంప్ ఎన్నిసార్లైనా: యూఎఫ్‌ట్రేస్ మీద అపోహలు - వాస్తవాలు

గత నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక ఆమదాలవలస నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడు, ఇంటి నుంచే పని. "మేడం, వారానికోసారి గానీ రాని తప్పు ట్రేస్‌లో పడిందండి. క్రోమ్‌లో బొమ్మగా చూపించమన్నారు. దానికి మళ్ళీ రికార్డు చెయ్యాలని ఎవరో చెబితే చేశాను. ఇందులో ఆ తప్పు రాలేదు. పాతది పోయినట్టేనా? ఇప్పుడేటి చెయ్యాలి?" గొంతు వణుకుతోంది. "ముందు కీబోర్డు మీంచి చేతులు తియ్యి బాబూ. ఇంకోసారి రికార్డు కొట్టకు" అన్నాను.

విజయనగరంలో ఉంటూ సీ, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములు ఎక్కడ నెమ్మదిస్తున్నాయో వెతికిపెట్టడం నా పని. ప్రోగ్రామ్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో రాసిపెట్టే యూఎఫ్‌ట్రేస్ అనే పనిముట్టు రోజూ వాడతాను. ఆ రాతనే ట్రేస్ అంటాం. ఈ ప్రశ్న నాకు ఇది మొదటిసారి కాదు, పదోసారీ కాదు. అందుకే రాస్తున్నాను.

అపోహ: క్రోమ్ ఫైలుకి ఒకసారి, ఫ్లేమ్ గ్రాఫ్‌కి (ఫంక్షన్లని ఒకదానిమీద ఒకటి పట్టీలుగా పేర్చి చూపే బొమ్మ) ఇంకోసారి, విడివిడిగా రికార్డు చెయ్యాలి.

చెయ్యక్కర్లేదు. రికార్డు చేసేటప్పుడు ఫార్మాట్ అన్న మాటే లేదు. ఏ ఫంక్షన్‌లోకి ఎప్పుడు వెళ్ళింది, ఎప్పుడు బయటకొచ్చింది, ఏ థ్రెడ్‌లో అన్న వివరాలు యూఎఫ్‌ట్రేస్ డాట్ డేటా అనే ఫోల్డర్‌లో పడతాయి. డంప్ అన్న సబ్‌కమాండ్ ఆ ఫోల్డర్‌ని చదివి, అడిగిన రూపంలో బయటకిస్తుంది, అంతే. మీ ప్రోగ్రామ్‌ని నడపదు, ఫోల్డర్‌లో ఒక్క అక్షరం మార్చదు. క్రోమ్ ఆప్షన్ ఇస్తే జేసన్ ఫైల్ వస్తుంది, బ్రౌజర్‌లో బొమ్మగా తెరిచేది దాన్నే. ఫ్లేమ్ గ్రాఫ్ ఆప్షన్ ఇస్తే, ఆ బొమ్మని కనిపెట్టిన బ్రెండన్ గ్రెగ్ రాసిన స్క్రిప్టుకి అందించే వరసలు వస్తాయి. గ్రాఫ్‌విజ్ (గీతల పటాలు గీసే సాఫ్ట్‌వేర్) ఆప్షన్‌తో దానికి కావలసిన డాట్ ఫైల్ వస్తుంది. ఒకే రికార్డు నుంచి ఈ మూడూ తీసుకోవచ్చు, ఏడాది తర్వాతైనా తీసుకోవచ్చు.

మళ్ళీ రికార్డు చేస్తే పోయేది టైమే కదా అనుకుంటారు. అసలు నష్టం అది కాదు. రికార్డు మొదలవగానే ఉన్న ఫోల్డర్ పేరు చివర డాట్ ఓల్డ్ చేరుతుంది. అప్పటికే ఒక డాట్ ఓల్డ్ ఉంటే దాన్ని చెరిపేసి ఆ చోటులో ఇది కూర్చుంటుంది. అంటే మొదటి రికార్డు రెండోసారికి పక్కకు జరుగుతుంది, మూడోసారికి లేకుండా పోతుంది. అడగదు, హెచ్చరించదు.

నేను దీన్ని నేర్చుకున్నది ఒక రైస్ మిల్లు కాటా దగ్గర. ధాన్యం సీజన్, బయట లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. కంప్యూటర్‌లో బరువు ఉన్నట్టుండి అర నిమిషం పైగా కదలకుండా ఉండిపోయేది, మళ్ళీ దానంతటదే సర్దుకునేది. రోజుకి ఒకసారి వస్తే వచ్చినట్టు. రెండు రోజులు అక్కడే కూర్చుని చివరికి రికార్డులో పట్టుకున్నాను. మిల్లు యజమానికి బొమ్మ చూపిస్తే అర్థమవుతుందని, క్రోమ్ కోసం అనుకుని మళ్ళీ రికార్డు చేశాను. ఆప్షన్ తప్పు రాశానని ఆపి, ఇంకోసారి చేశాను. మొదటిది పోయింది. ఇంకో మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ కాటా దగ్గర గుమస్తా బరువులు రెండుసార్లు చూసి చేత్తో పుస్తకంలో రాసుకున్నాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా బాధ. కారణం చూస్తే, సీరియల్ పోర్టు నుంచి చదివే ఫంక్షన్‌కి టైమౌట్ పెట్టలేదు. రెండు లైన్ల మార్పు.

అప్పటి నుంచి ప్రతి రికార్డుకీ మైనస్ డి (చిన్న అక్షరం) ఇచ్చి ఫోల్డర్‌కి వేరే పేరు పెడతాను. తేదీ, తప్పు పేరు కలిపి. మీరూ అలాగే చెయ్యండి. ఇంకొక్క మాట: రికార్డు అన్న సబ్‌కమాండ్ లేకుండా యూఎఫ్‌ట్రేస్ పక్కన ప్రోగ్రామ్ పేరు మాత్రమే కొడితే అది లైవ్ మోడ్. తెర మీద చూపించి డేటా తీసేస్తుంది. తర్వాత డంప్ కొడితే ఏమీ ఉండదు.

ఫిల్టర్ల దగ్గరా ఇదే లెక్క. మైనస్ టి (చిన్న అక్షరం, టైమ్ ఫిల్టర్) ఇచ్చి తక్కువ టైమ్ పట్టే చిన్న ఫంక్షన్లని రికార్డులోనే వదిలేస్తే అవి ఇక రావు. అదే మైనస్ టి డంప్‌లో ఇస్తే ఆ ఒక్క అవుట్‌పుట్‌లోనే కనపడవు, ఫోల్డర్‌లో భద్రంగా ఉంటాయి. జేసన్ ఫైల్‌లో ఒక్కో కాల్‌కి రెండు ఈవెంట్లు, మొదలు ఒకటి, ముగింపు ఒకటి. కాల్స్ కోట్లలో ఉంటే బ్రౌజర్ మొరాయిస్తుంది. అప్పుడు డంప్‌లో వడపోయండి, రికార్డు జోలికి వెళ్ళకండి. రోజుల తరబడి నడిచే ప్రోగ్రామ్ అయితే డిస్క్ నిండుతుంది కాబట్టి రికార్డులో వడపోత తప్పదు. కాటా దగ్గర నేనూ అదే చేశాను.

ఫ్లేమ్ గ్రాఫ్‌లో వెడల్పుగా కనిపించేదే ఎక్కువ టైమ్ తింటోందనుకోవడం ఇంకో అపోహ. యూఎఫ్‌ట్రేస్ డంప్ మామూలుగా లెక్కపెట్టేది ఎన్నిసార్లు పిలిచారన్నది. లక్షసార్లు పిలిచిన చిన్న ఫంక్షన్ వెడల్పుగా, ఒక్కసారి పిలిచి పది సెకన్లు ఆగింది సన్నగా కనిపిస్తుంది. టైమ్ ప్రకారం కావాలంటే శాంపిల్ టైమ్ ఆప్షన్ ఇవ్వండి. ఇది తెలియక తప్పు ఫంక్షన్‌ని వారం రోజులు చెక్కినవాళ్ళని చూశాను.

ఇక భయం. "పర్ఫెట్టోలో ఫైల్ తెరిస్తే కంపెనీ కోడ్ బయటకి పోతుందట కదండీ?" ఈ టెన్షన్‌తో నిద్రపోని వాళ్ళున్నారు, వాళ్ళని తప్పు పట్టను, ఉద్యోగం భయం అలాంటిది. పర్ఫెట్టో అంటే ఆ జేసన్‌ని బొమ్మగా చూపించే వెబ్‌సైట్. అది ఫైల్‌ని మీ బ్రౌజర్‌లోనే తెరుస్తుంది. మీరుగా షేర్ నొక్కితేనే బయటకి వెళ్తుంది. ట్రేస్‌లో మీ సోర్స్ కోడ్ ఉండదు. కానీ ఫంక్షన్ పేర్లు ఉంటాయి, ఆర్గ్యుమెంట్లు రికార్డు చేసి ఉంటే వాటి విలువలూ ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, మీరు కొట్టిన కమాండ్ లైన్ క్రోమ్ జేసన్ చివర మెటాడేటాలో యథాతథంగా ఉంటుంది. అందులో పాస్‌వర్డ్ రాసి ఉంటే అదీ వెళ్తుంది. భయపడాల్సింది దీనికి. ఫైల్ ఎవరికైనా పంపేముందు చివరి లైన్లు చూడండి.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఏ ఆప్షనూ లేకుండా డంప్ కొడితే అడ్రసులు, హెక్స్ అంకెలు కనిపిస్తాయి. ఫైల్ పాడవలేదు, అది ముడి రూపం. మనుషులు చదవడానికి రీప్లే ఉంది. రికార్డుకి రూట్ (అడ్మిన్ హక్కులు) అక్కర్లేదు, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి) ఫంక్షన్లు కావాలంటేనే కావాలి. రికార్డుని వేరే మెషీన్‌కి పంపాలంటే అందులోని డేటా ఫైలు ఒక్కటి కాదు, ఫోల్డర్ మొత్తం పంపండి. ఫంక్షన్ పేర్లున్న సింబల్ ఫైళ్ళు అందులోనే ఉంటాయి. రీప్లేలో లాస్ట్ రికార్డ్స్ (పోయిన రికార్డులు) అని కనపడితే రాసుకునే బఫర్ చాలలేదని అర్థం, మైనస్ బితో దాని సైజు పెంచండి.

ఆ కుర్రాడి సంగతి. మళ్ళీ ఒక్కసారే రికార్డు చేశాడు కాబట్టి మొదటిది డాట్ ఓల్డ్‌గా ఇంకా ఉంది. ఫోన్‌లోనే ఉండి మొదట దాని పేరు మార్పించాను. తర్వాత మైనస్ డితో ఆ పేరిచ్చి క్రోమ్ డంప్ కొట్టించాను. జేసన్ తెరిచాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఉందండి మేడం, ఇక్కడే ఉంది" అన్నాడు.