బీరపాదు మొదలు వెతికినట్టు

చిన్నూ, అమ్మలూ,

మొన్న వీడియో కాల్‌లో అమ్మలు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేలోపే మీకు స్కూల్ టైమ్ అయిపోయింది. "తాతయ్యా, మా క్లాసు అబ్బాయి ఇంటిపేరు హౌలాండ్. వాళ్ళ తాతల తాతలు 1620లో ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో అమెరికాకి వచ్చారంటున్నాడు, నిజమో కాదో ఎలా తెలుస్తుంది?" అని కదా నువ్వడిగింది. అప్పట్నుంచీ నాకు అదే ధ్యాస.

మా పెరట్లో ఒకే పందిరి మీద బీర, పొట్ల, ఆనప మూడూ అల్లుకుని ఉండేవి. నాకు పదేళ్ళప్పుడు నాయనమ్మ ఎండిపోయిన బీరపాదు పీకెయ్యమంది. పైన కనిపించిన తీగ పట్టుకుని లాగాను, కాపు మీదున్న పొట్లపాదు ఊడొచ్చింది. ఆవిడ తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని ఒక బీరకాయ దగ్గర పెట్టి, ఇక్కణ్ణుంచి ఒక్కో కణుపూ తడుముకుంటూ కిందికి రా, కణుపు దాటావో ఇంకో పాదులోకి పోతావు అంది. ఆవిడ చేతి వేళ్ళకి ఎప్పుడూ బీరాకు వాసన వచ్చేది.

వంశం వెతకడం కూడా అంతే. ఓడ దగ్గర మొదలుపెట్టకూడదు, ఆ అబ్బాయి దగ్గర మొదలుపెట్టాలి. వాడు, వాళ్ళ నాన్న, తాత, అలా ఒక్కో కణుపూ. 1850 నుంచి అమెరికా జనాభా లెక్కల్లో ఇంట్లో అందరి పేర్లూ రాశారు గానీ, అంతకుముందు 1790 నుంచి 1840 దాకా ఇంటిపెద్ద పేరొక్కటే, మిగతావాళ్ళు ఉత్త అంకెలు. అక్కడ తీగ ఆకుల కిందికి పోతుంది. అప్పుడు వీలునామాలు, భూమి దస్తావేజులు, ఊళ్ళో పుట్టుక పెళ్ళి రాసిన పుస్తకాలు చూడాలి. ఓడలో వచ్చిన జాన్ హౌలాండ్ తన వీలునామాలో పిల్లల పేర్లు రాశాడు, అదొక గట్టి కణుపు.

కానీ జాగ్రత్త. జాన్ అన్నదమ్ములు ఆర్థర్, హెన్రీ కూడా తర్వాత అక్కడికే వచ్చారు. అంటే ఇంటిపేరు హౌలాండ్ అయినంత మాత్రాన ఓడ మనిషి సంతానమని కాదు. ఇటువైపు జాన్ కూతుళ్ళ తీగలు వేరే ఇంటిపేర్లలోకి పాకిపోయాయి. పదిమంది పిల్లలు మరి! ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ (ఫ్రాంక్లిన్), ఇద్దరు బుష్‌లు, అందరూ ఆ పాదు కాయలే.

రాయి మీద చెక్కినా సరే, వెంటనే నమ్మెయ్యకండి. 19వ శతాబ్దంలో ఆ వంశంవాళ్ళే, ఓడవాళ్ళు స్థిరపడిన ప్లిమత్ ఊళ్ళో జాన్‌కి సమాధి రాయి పెట్టించి, ఆయన భార్య అక్కడి మొదటి గవర్నర్ కార్వర్ కూతురని చెక్కించారు. ఇంట్లో తరతరాలుగా అలాగే చెప్పుకున్నారు, ప్రేమగానే చెప్పుకున్నారు. తర్వాత 1855లో, ఎప్పుడో పోయిందనుకున్న, కార్వర్ తర్వాతి గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ చేతిరాత పుస్తకం లండన్ బిషప్ లైబ్రరీలో బయటపడింది. అందులో ఓడ ఎక్కినవాళ్ళ జాబితా ఉంది. జాన్ భార్య ఎలిజబెత్, అదే ఓడలో వచ్చిన జాన్ టిల్లీ అనే ఇంకొకాయన కూతురు! అమ్మానాన్నా ఇద్దరూ మొదటి చలికాలంలోనే పోయిన పిల్ల. ఎన్నో ఏళ్ళు కన్న తండ్రి పేరు పక్కకు పోయి, ఒక పాత కాగితం వల్ల తిరిగి దక్కింది. నాకు ఇది చదివినప్పుడు గొంతు పట్టేసింది. అందుకే చెప్తున్నా, ఆ అబ్బాయితో వాదించి బాధపెట్టొద్దు, వాడితో కలిసి వెతకండి, చనిపోయినవాళ్ళ పేరు సరిగ్గా చెప్పడం కూడా మర్యాదే.

అదే పుస్తకంలో ఇంకొకటుంది. తుపానులో జాన్ సముద్రంలో పడిపోయాడట. నీళ్ళలో వేలాడుతున్న తెరచాప తాడు చేతికి దొరికితే, మునిగిపోతూ కూడా వదల్లేదట, పైకి లాగారు. ఆ తాడు అందకపోతే ఇంతమంది లేరు కదా! దీన్ని ఎలా వివరించాలో నాకు తెలియదు, ఆలోచించిన కొద్దీ ఒళ్ళు జలదరిస్తుంది.

పోయినసారి నేనొచ్చినప్పుడు వాన వల్ల ప్లిమత్‌లో ఆ సమాధులున్న గుట్ట, బరియల్ హిల్ ఎక్కలేకపోయాం. ఈసారి ఎండ ఉన్న రోజు నాన్నని తీసుకెళ్ళమనండి. ఇప్పుడున్న రాయి మీద టిల్లీ పేరుంటుంది, చదవండి. జాన్ పోయిన సంవత్సరం 1672, 1673 రెండూ కలిపి రాసి ఉంటుంది, ఎందుకంటే అప్పట్లో వాళ్ళకి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, ఆయన పోయింది ఫిబ్రవరిలో. కిందికి దిగాక కొడుకు జేబెజ్ ఇల్లు ఇంకా నిలబడే ఉంది, అదీ చూడండి. ఆ అబ్బాయిని కూడా వెంటపెట్టుకెళ్ళండి. ఏం చూశారో నాకు రాయండి, తెలుగులో.

మీ తాతయ్య