కొబ్బరి చెట్ల మధ్య ఫ్రీ డిష్: అపోహలు, వాస్తవాలు

గోదావరి డెల్టా ఊళ్లలో డిష్ బిగించే తీరు చూస్తే పాత దూరదర్శన్ యాంటెన్నా అలవాట్లు ఇంకా పోలేదని తెలుస్తుంది. అప్పట్లో టవర్ నేల మీద ఉండేది. గొట్టం ఎంత పైకి లేపితే బొమ్మ అంత బాగా వచ్చేది. ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలు వస్తున్నది జీశాట్-15 ఉపగ్రహం నుంచి. అది భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ తేలాల్సిన ప్రశ్న ఒక్కటే: డిష్‌కీ ఆ ఉపగ్రహానికీ మధ్య ఏమైనా అడ్డం ఉందా, లేదా?

అపోహ: ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న డిజిటల్ యాంటెన్నా కిటికీకి తగిలిస్తే చానళ్లు వస్తాయి.

మన దగ్గర రావు. నేల మీది టవర్ల నుంచి డిజిటల్ ప్రసారాలను దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో ప్రకటించింది 16 నగరాలకు. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఊరు ఒక్కటీ లేదు. పాత అనలాగ్ టవర్లను కూడా 2022 మార్చి నాటికి, వ్యూహాత్మక ప్రాంతాల్లోని కొన్నిటిని మినహాయించి, ఆపేశారు. అమెరికాలో, యూరప్‌లో బాగా పనిచేసే ఆ యాంటెన్నాకు అమలాపురంలో పట్టుకోవడానికి ప్రసారమే లేదు. ఆ డబ్బుతో మంచి ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు చేయి కొసన ఉండి సిగ్నల్‌ను అందుకునే పరికరం), కొత్త కేబుల్ వస్తాయి.

అపోహ: చుట్టూ కొబ్బరి చెట్లుంటే డిష్ పనిచేయదు. చెట్టన్నా కొట్టాలి, గొట్టమన్నా చెట్టు కంటే పైకి లేపాలి.

ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే. ఫలసాయం ఇచ్చే చెట్లను దీనికోసం కొట్టేయడం చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే చాలాసార్లు ఆ అవసరమే ఉండదు.

లెక్క చూడండి. అమలాపురం నుంచి చూస్తే జీశాట్-15 నేలమట్టానికి సుమారు 66 డిగ్రీల ఎత్తులో, అంటే నడినెత్తికి కాస్త ఇవతల ఉంటుంది. దిక్కు ఉత్తరం నుంచి కుడివైపుగా 144 డిగ్రీలు. ఆగ్నేయం 135 కాబట్టి, ఆగ్నేయ మూల నుంచి దక్షిణం వైపు ఓ తొమ్మిది పది డిగ్రీలు జరిగితే అదే. వాస్తు ప్రకారం కట్టిన ఇల్లయితే వంటగది మూల దాదాపు అటే చూపిస్తుంది. రాజమండ్రి, కాకినాడ, నరసాపురం ఎక్కడైనా ఈ అంకెలు ఒకటి రెండు డిగ్రీలకు మించి మారవు.

ఇంత నిటారుగా చూస్తుంది కాబట్టి ఉత్తరాన, పడమరన, ఈశాన్యాన ఎన్ని చెట్లున్నా డిష్‌కు పట్టదు. ఆగ్నేయం వైపున్న చెట్టుకు మాత్రం ఒక చిన్న సూత్రం ఉంది. డిష్ మట్టం కంటే చెట్టు కొన ఎన్ని అడుగుల పైన ఉందో చూసి, దాన్ని 0.45తో గుణించండి. అన్ని అడుగుల కంటే దూరంగా డిష్ ఉంటే అడ్డం రాదు. చెట్టు కొన డాబా మట్టానికి 40 అడుగుల పైన ఉంటే 18 అడుగుల దూరం చాలు. అయితే ఆ దూరాన్ని మాను నుంచి కొలవకండి, మట్టల కొసల నుంచి కొలవండి. కొబ్బరి మట్ట నాలుగైదు మీటర్లు సాగుతుంది, గాలికి ఊగుతుంది. మట్టల సందుల్లోంచి సిగ్నల్ వస్తోందిలే అని బిగిస్తే వేసవిలో సరిపోయినట్టే ఉంటుంది. వానాకాలంలో ఆకులు తడిసిన రోజు బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది.

డిష్‌ను పైకి లేపడం కంటే పక్కకు జరపడమే మేలు. పెరట్లో నేల మీద, చెట్లకు ఆగ్నేయంగా ఖాళీ చోటు దొరికితే మూడడుగుల గొట్టం మీద పెట్టినా సిగ్నల్ అంతే వస్తుంది. గొట్టం పొడవు పెంచితే వచ్చేది కేబుల్ నష్టం, గాలికి ఊగుడు.

అడ్డం ఉందో లేదో తేల్చుకోవడానికి సూర్యుడిని మించిన పరికరం లేదు. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా ఈ ఉపగ్రహం వెనకగా వెళ్తాడు. మన డెల్టాకు అది మార్చి 13 ప్రాంతంలో ఉదయం సుమారు 11:17కు, సెప్టెంబర్ 30 ప్రాంతంలో ఉదయం సుమారు 11 గంటలకు. ఆ వేళ డిష్ పెట్టాలనుకున్న చోట, అదే ఎత్తులో ఒక పళ్లెం పట్టుకోండి. పళ్లెం మీద ఎండ నిండుగా పడితే దారి ఖాళీ. మట్ట నీడ గానీ, నీళ్ల ట్యాంకు నీడ గానీ పడితే ఆ చోటు పనికిరాదు. సూర్యుడి వైపు చూడొద్దు, నీడ చూస్తే చాలు. ఇప్పటికే డిష్ ఉన్నవాళ్లకు ఆ కొద్ది రోజులూ అదే సమయానికి కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. అది బాక్సు లోపం కాదు, సూర్యుడి రేడియో రొద సిగ్నల్‌ను ముంచేయడం. డిష్ కదపకండి, దానంతటదే వస్తుంది.

అపోహ: పక్కింటి డిష్ ఎటుంటే మనదీ అటే.

పక్కింట్లో ఏ కంపెనీదో ముందు అడగండి. టాటా ప్లే ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది, ఆ డిష్ మన ప్రాంతంలో దాదాపు నేరుగా దక్షిణానికి చూస్తుంది. ఎయిర్‌టెల్ 108.2 దగ్గర, బాగా తూర్పుకు తిరుగుతుంది. డిష్ టీవీ 95 దగ్గర ఉండి మనదానికి ఒకటిన్నర డిగ్రీల్లోనే తగులుతుంది. కొత్తగా బిగించేవాళ్లు తరచూ దొరికిపోయేది ఇక్కడే. సిగ్నల్ పట్టిందని సంబరపడి స్కాన్ చేస్తే అన్నీ తాళం వేసిన చానళ్లే వస్తాయి.

అపోహ: సిగ్నల్ వెతికే ఫైండర్ మీటర్ కీచుమంటే గురి కుదిరినట్టే.

చవక మీటరుకు ఏ ఉపగ్రహమైనా ఒకటే. శక్తి ఉందంటుందే గానీ ఎవరిదో చెప్పదు. బాక్సు తెరలో కూడా 'స్ట్రెంగ్త్' గీతను నమ్మొద్దు, ఆకాశం వైపు ఉత్తినే తిప్పినా ఎల్‌ఎన్‌బీ సొంత రొదకే అది సగం నిండుతుంది. చూడాల్సింది 'క్వాలిటీ' గీత.

వరస ఇలా ఉంటే పని త్వరగా అవుతుంది. ముందు గొట్టం నిట్టనిలువుగా ఉండాలి. తూకం గుండు వేసి రెండు వైపులా చూడండి. గొట్టం వంగితే బ్రాకెట్ మీది డిగ్రీల గీతలన్నీ అబద్ధమే. తర్వాత బ్రాకెట్‌ను 66 దగ్గర పెట్టండి. డిష్ పలక మాత్రం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు. ఎల్‌ఎన్‌బీ చేయి కింద ఉండే ఈ రకం డిష్‌లో పలక నిలువు నుంచి సుమారు 40 డిగ్రీలే వెనక్కి వాలి ఉంటుంది. అది చూసి కంగారుపడి ఇంకా వెనక్కి వంచేసేవాళ్లు ఎక్కువ. బాక్సులో ఎల్‌ఎన్‌బీ 9750/10600, ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్, సింబల్ రేటు 29500 ఇవ్వండి. ఇక దక్షిణం నుంచి తూర్పుకు నెమ్మదిగా తిప్పుతూ, కాస్త జరిపిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగండి. బాక్సు సిగ్నల్‌ను పట్టి చూపించడానికి ఆ మాత్రం టైం తీసుకుంటుంది.

ఒక చుట్టు తిప్పినా రాకపోతే ఎత్తును ఒక డిగ్రీ మార్చి మళ్లీ తిప్పండి. 60 సెంటీమీటర్ల డిష్‌కు ఒక డిగ్రీ అంటే అంచు దగ్గర 5 మిల్లీమీటర్లే. ఇక్కడొక కిటుకుంది. ఉపగ్రహం ఇంత ఎత్తున ఉన్నప్పుడు గొట్టం చుట్టూ రెండున్నర డిగ్రీలు తిప్పితేనే ఆకాశంలో గురి ఒక డిగ్రీ మారుతుంది. అందుకే పక్కలకు కొంత తప్పినా సర్దుకుంటుంది గానీ ఎత్తులో తప్పితే అసలు దొరకదు. మన ప్రాంతంలో సిగ్నల్ రాలేదని వదిలేసిన డిష్‌లలో మొదట అనుమానించాల్సింది ఎత్తునే.

దొరికాక క్వాలిటీ అటూ ఇటూ ఎక్కడ పడిపోతోందో చూసి, ఆ రెండిటి నడుమన ఆపండి. నట్లు ఒకటి మార్చి ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. ఒకేదాన్ని పూర్తిగా బిగిస్తే డిష్ ఆ వైపుకు లాగుతుంది. ఆఖరి పట్టు వేసేటప్పుడు కూడా కన్ను గీత మీదే ఉండాలి.

ఎల్‌ఎన్‌బీ మెలికను చాలామంది మర్చిపోతారు. డిష్ వెనక నిలబడి ఉపగ్రహం వైపు చూస్తే, ఎల్‌ఎన్‌బీని గడియారం ముల్లుకు వ్యతిరేకంగా సుమారు 34 డిగ్రీలు తిప్పాలి. కేబుల్ తగిలించే మూతి ఆరు అంకె దగ్గర నుంచి ఐదు అంకె దాటి కొంచెం. అక్కడి నుంచి క్వాలిటీ చూస్తూ సన్నగా సర్దండి. నేరుగా వదిలేస్తే ఎండ రోజుల్లో నడుస్తుంది, మబ్బు పట్టగానే తెలుస్తుంది.

అపోహ: వానలో బొమ్మ పోతే ఎల్‌ఎన్‌బీ పాడైనట్టు.

11 గిగాహెర్ట్జ్ తరంగాలను గట్టి వాన మింగేస్తుంది. ఆగ్నేయాన ఓ రెండు కిలోమీటర్ల లోపు కుండపోత పడుతుంటే, మన వాకిలి ఇంకా తడవకుండానే బొమ్మ పోవచ్చు. వాన తగ్గాక తిరిగి వస్తే ఎల్‌ఎన్‌బీ బాగానే ఉన్నట్టు. వాన వెలిశాక కూడా గంటలకొద్దీ రాకపోతే నీళ్లు చేరాయని అర్థం. ఎల్‌ఎన్‌బీ మూతి మీది ప్లాస్టిక్ టోపీ పగిలిందేమో, పురుగులు మట్టిగూడు పెట్టాయేమో, కనెక్టర్ విప్పితే లోపలి తీగ పచ్చబడిందేమో చూడండి.

వానకు కొంత కాపు కావాలంటే డిష్ సైజు పెంచాలి. 60 నుంచి 75 సెంటీమీటర్లకు వెళ్తే సుమారు 2 డెసిబెల్స్, 90కి వెళ్తే మూడున్నర కలిసొస్తుంది. కుండపోతను ఏ సైజూ గెలవదు, మామూలు జోరువానకు మాత్రం తేడా తెలుస్తుంది. మా సలహా 75. 90 అయితే గాలి తగిలే వైశాల్యం 60 డిష్‌కు రెండుంపావు రెట్లు అవుతుంది. తుపాన్లు తగిలే చోట దానికి పిట్టగోడ బోల్టులు చాలవు, శ్లాబులోకి దిగాలి.

అపోహ: డిష్ పెద్దదైతే చానళ్లు ఎక్కువ, హెచ్‌డీ డిష్ అయితే బొమ్మ స్పష్టం.

రెండూ కావు. పలక ఇనుప అద్దమే, హెచ్‌డీ అంటే దానికి తెలియదు. కొన్ని చానళ్లు బొమ్మను కుదించి పంపే కొత్త పద్ధతి ఎంపెగ్-4లో వస్తాయి, పాత ఎంపెగ్-2 బాక్సుకు అవి కనిపించవు. మార్చాల్సింది బాక్సు. నెలనెలా రీచార్జి అంటూ ఎవరైనా అడిగితే ఇవ్వకండి, ఫ్రీ డిష్‌కు నెల చందా లేదు.

అపోహ: పాత కేబుల్ టీవీ వైరు ఉందిగా, అదే సరిపోతుంది.

పాత సన్న వైరు ఆ పనికి తగదు. ఎల్‌ఎన్‌బీ నుంచి కిందికి దిగే సిగ్నల్ 1300 మెగాహెర్ట్జ్ పైమాటే. ఆర్‌జీ-6 రకం కేబుల్ వేయండి, మధ్య తీగ రాగిదైతే మంచిది. వర్టికల్ కోసం బాక్సు పైకి పంపేది 13 వోల్టులే. ఇనుప తీగ మీద రాగి పూత ఉన్న కేబుల్ పొడవుగా వేస్తే అది ఇంకా తగ్గి, ఎల్‌ఎన్‌బీ ఒకసారి పలికి ఒకసారి పలకదు. కనెక్టర్ వేసేటప్పుడు అల్లిక తీగ ఒక్క పోగు మధ్య తీగకు తగిలినా షార్ట్ అవుతుంది.

అల్లవరం, సఖినేటిపల్లి, కాట్రేనికోన లాంటి తీర మండలాల్లో ఉప్పుగాలి కనెక్టర్లను త్వరగా తినేస్తుంది. కనెక్టర్ మీద తనకు తాను అతుక్కునే రబ్బరు టేపును కింది నుంచి పైకి చుట్టండి, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. మామూలు ఎలక్ట్రికల్ టేపు ఎండకు ఊడిపోతుంది. గోడలోకి వెళ్లే ముందు కేబుల్‌ను కిందికి ఉయ్యాలలా వదిలితే వాన నీరు అక్కడే కారిపోతుంది. గొట్టం జీఐ పైపు అయి ఉండాలి. నల్లమట్టిలో పాతితే వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చి గొట్టాన్ని వంచేస్తుంది. కాంక్రీటు దిమ్మ వేసి అందులో నిలపండి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు గొట్టం మీద, బ్రాకెట్ మీద, ఎల్‌ఎన్‌బీ పట్టు మీద ఇప్పుడున్న స్థానాలకు ఎదురెదురుగా పెయింటుతో గీతలు గీసుకుని డిష్ విప్పి లోపల పెట్టండి. గాలి తగ్గాక గీతలు కలిపితే చాలు, మళ్లీ వెతకక్కర్లేదు. పిడుగుల వేళ బాక్సు ప్లగ్గు ఒక్కటే పీకితే సరిపోదు, డిష్ నుంచి వచ్చే కేబుల్‌ను కూడా ఉరుములు దగ్గరికి రాకముందే బాక్సు వెనక నుంచి విప్పేయండి.