అణు సంక్షోభం సిమ్యులేషన్: క్లాసులో రోజూ వినే అపోహలు

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెబుతాను. ఫైనలియర్ వాళ్లతో అణు సంక్షోభం మీద సిమ్యులేషన్, అంటే పాత్రలు వేసి ఆడే ఆట, చేయిస్తుంటాను. క్లాసులోనూ స్టాఫ్‌రూమ్‌లోనూ అవే మాటలు మళ్లీ మళ్లీ వినబడుతున్నాయి కాబట్టి రాస్తున్నాను.

అపోహ: ముందు దెబ్బ కొట్టినవాడిదే పైచేయి. ఆగితే చేతగానితనం.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది ఈ నమ్మకమే. క్లాసును రెండు కల్పిత దేశాలుగా చేసి రెండు గదుల్లో కూర్చోబెడతాను. ఏం చెప్పుకున్నా చీటీల మీదే, ఆటను నడిపే కంట్రోల్ టీమ్ చేతుల మీదుగానే. మొదటి చీటీలో ఉండేది ఇంతే: "పొరుగు దేశం వైపు నుంచి ఏదో ఎగిరొచ్చి మన ఊరి దగ్గర పడింది. ప్రాణనష్టం లేదు." అది క్షిపణో డ్రోనో, కావాలని వదిలారో లేదో తెలియదు. చీటీ పూర్తిగా చదవకముందే ఎదురుదాడికి సిద్ధమవుతారు. అవతలి గదిలో వాళ్లకు తమ దగ్గర్నుంచి ఏదో పోయిందన్న కబురే అంది ఉండదు. ఆ చీటీని నేనే వరండాలో ఆపించి ఉంటాను.

"ఇట్లా నిజంగా ఎక్కడ జరుగుతుంది మేడం?" అంటారు. జరిగింది. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున దూసుకెళ్లి పాకిస్తాన్‌లోని మియా చన్నూ దగ్గర పడింది. అందులో పేలుడు పదార్థం లేదని పాకిస్తానే చెప్పింది. నిర్వహణ పనుల్లో వచ్చిన సాంకేతిక లోపమని మన రక్షణ శాఖ ప్రకటించింది మార్చి 11న. ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను తొలగించారు. మార్చి 9కీ 11కీ మధ్యలో అవతలివాళ్లు మా పిల్లల్లా తొందరపడి ఉంటే? క్షిపణి పరీక్షలను ముందే తెలపాలన్న 2005 భారత్-పాకిస్తాన్ ఒప్పందం బాలిస్టిక్ క్షిపణులకే, అంటే పైకెగిరి వంపుగా కిందికి దిగేవాటికే, వర్తిస్తుంది. బ్రహ్మోస్ విమానంలా ఎగిరే క్రూయిజ్ క్షిపణి, పైగా ఆరోజు జరిగింది పరీక్షే కాదు.

ఒక బ్యాచ్‌లో రక్షణ మంత్రి పాత్ర వేసిన అమ్మాయి, పక్కన అందరూ అరుస్తుంటే, చీటీ వెనక ఇలా రాసి పంపింది: "ఇది మీదేనా? మీదైతే ఇంకా ఏమైనా గాల్లో ఉన్నాయా?" ఆ గదిలో ఎవరికీ తట్టని రెండో ప్రశ్న అది. జవాబు వచ్చేదాకా మిగతావాళ్లు ఆగాల్సి వచ్చింది.

అట్లా తొందరపడకుండా ఆగినవాళ్లు నిజంగానూ ఉన్నారు. 1983 సెప్టెంబర్ 26న సోవియట్ హెచ్చరిక కేంద్రంలో అమెరికా క్షిపణులు వస్తున్నాయని అలారం మోగింది. డ్యూటీలో ఉన్న అధికారి పెట్రోవ్ అది తప్పుడు అలారమని పై అధికారులకు చెప్పాడు. మేఘాల మీద పడ్డ ఎండను ఉపగ్రహం క్షిపణులుగా చూపించింది.

అపోహ: సంక్షోభంలో రెండు దేశాలు నేరుగా మాట్లాడుకునే హాట్‌లైన్ అంటే ఎర్ర ఫోన్.

వాస్తవం: 1963లో మాస్కో, వాషింగ్టన్ మధ్య వేసింది టెలిప్రింటర్ లైన్, అంటే టైపు చేసిన సందేశాలు పంపేది. భారత్, పాకిస్తాన్ డీజీఎంవోలు (సైనిక కార్యకలాపాలు చూసే అధికారులు) మాత్రం ఫోన్‌లో మాట్లాడుకుంటారు. 2025 మే 10న మధ్యాహ్నం 3:35కి వచ్చిన కాల్‌లోనే, సాయంత్రం 5 నుంచి కాల్పులు ఆపాలని ఒప్పుకున్నారు.

అపోహ: భారత్, పాకిస్తాన్ అణు విషయాలు అసలు మాట్లాడుకోవు.

వాస్తవం: 1988 ఒప్పందం ప్రకారం 1992 నుంచి ప్రతి జనవరి 1న అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. కార్గిల్ తర్వాత కూడా అది ఆగలేదు.

అపోహ: 2025 మే ఘర్షణలో పాకిస్తాన్‌లోని కిరానా కొండల్లో రేడియేషన్ లీకైంది.

వాస్తవం: కాలేదు. పాకిస్తాన్‌లోని ఏ అణు కేంద్రం నుంచీ లీకేజీ లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పింది. ఆ వాట్సాప్ మెసేజ్ చూసి ఒక స్టూడెంట్ వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది. "మా పెద్దోడు జమ్మూలో ఉన్నాడు మేడం, ఆ గాలి అక్కడికి గూడ వస్తాదంట, నిజమేనా?" ఆమెకు రాత్రంతా నిద్ర లేదు. ఊరికే ఫార్వర్డ్ చేసేవాళ్లంటే నాకు మండేది ఇందుకే. మన జిల్లాల్లో సైన్యంలో పిల్లలున్న ఇళ్లు ఎన్నో.

అపోహ: ఆటే కదా, ఒక పీరియడ్ చాలు.

వాస్తవం: ఇందులో గెలుపోటములు లేవు. ఆటకు ఎంత టైమ్ ఇచ్చారో దానికంటే ఎక్కువ చర్చకు ఇవ్వాలి. రెండు గదుల చీటీలనూ టైమ్ ప్రకారం ఒకే బల్ల మీద పరిచి, ఏ నిమిషంలో ఎవరికి ఏం తెలుసో పిల్లల చేతే చదివించాలి. బెల్ కొట్టారని చర్చ వదిలేసేటట్లయితే సిమ్యులేషన్ పెట్టొద్దు. పిల్లలు అవతలి టీమ్ మీద కోపంతోనే ఇంటికి పోతారు.