రాట్‌వీలర్ కావాలన్న మనుమడికి

బిడ్డా,

మొన్న ఐతారం ఫోన్ల "తాతా, రాట్‌వీలర్ కుక్కపిల్లను తెచ్చుకుందామా? నాయన నిన్ను అడుగుమన్నడు" అన్నవు. వెనకాల చెల్లె "నల్లది, నల్లది" అని ఎగురుడు నాకు వినబడ్డది. ఫోన్ల తెగే ముచ్చట కాదని రాస్తున్న. ఇద్దరు కూసొని చదువుండ్రి.

అది మంచిదా చెడ్డదా అని కాదు చూడాల్సింది. జర్మనీల రాట్‌వైల్ అనే ఊరి పేరు మీద వచ్చిన జాతి అది. పశువుల మందల్ని తోలుడు, కసాయోళ్ల బండ్లు గుంజుడు దాని పని. ఎద్దుకు ఎదురు నిలబడి మళ్లించే కుక్కకు మొండితనం ఉండాల్సిందే. లేకుంటే ఆ పనికే రాకపోవు.

నాకు కుక్కల కన్న కోడెలు బాగ తెలుసు. ఆ లెక్కనే చెప్త.

నేను నీ అంత ఉన్నప్పుడు మా నాయన కురుమూర్తి జాతరల పొడ తూర్పు కోడెల జత కొన్నడు. అమ్రాబాద్ దిక్కు నల్లమల గుట్టల్ల మేసిన జాతి. తెల్ల ఒంటి మీద గోధుమ రంగు పొడలు, రాళ్ల మీద కూడ జారని గిట్టలు. రెండు రోజులు నడిపించుకుంట ఊరికి తెచ్చిండు. "తాడు ముట్టకు" అన్నడు. నేను ఆగుతనా? ఓ పొద్దుగూకాల ఒకదాన్ని ఇప్పుకొని చెరువుకు పోయిన. పట్టు జారొద్దని తాడు చేతికి మూడు చుట్లు చుట్టుకున్న. ఎదురుంగ పెండ్లి డప్పులు వచ్చినయి. కోడె ఒక్కసారి బెదిరి ఉరికింది. నా చెయ్యి తాడుల, నేను నేల మీద, నోట్లె దుమ్ము. మోచేతి తోలు లేచిపోయింది. అరచేతి మీద తాడు కోసిన గీత ఇప్పటికీ ఉన్నది, దసరాకు వచ్చినప్పుడు చూపిస్త. కోడె తప్పేమీ లేదు బిడ్డా. దాని బలానికి నేను సరిపోలే, డప్పు సప్పుడు దానికి అలవాటు లేదు, అంతే.

నువ్వు ఇప్పుడు 34 కిలోలున్నవు. మగ రాట్‌వీలర్ పెరిగినంక 50 కిలోల చుట్టుపక్కల ఉంటది.

ఆ తెల్లారి నుంచి మా నాయన ఏం చేసిండో చెప్త. ములుగర్ర ముట్టలే. రోజూ సాయంత్రం జొన్న సొప్ప చేతుల పట్టుకొని కోడెలను బస్సులు ఆగేకాడికి, గిర్నీ ముందటికి, డప్పుల దగ్గరికి నడిపిచ్చిండు. "ఆగు" అంటే ఆగాలె. ఆ మాట ఇంట్ల అందరూ ఒక్క తీరుగనే అనాలె. మా అమ్మ ఓ తీరు, నేను ఓ తీరు అంటే కోపం చేసేటోడు. కుక్కపిల్లకూ అంతే. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా అది చూసింది, విన్నది మనసుల నిలిచిపోతది. ఎనిమిది వారాల పిల్లను తెస్తే మీకు మిగిలేది ఆరు వారాలే. టీకాలన్నీ పడేదాకా ఎత్తుకొనే తిప్పాలె.

ఇగ మీ ఇల్లు చూడు. నాయన ఎనిమిదింటికి పోతడు, అమ్మకు డ్యూటీ, నానమ్మ గోడ పట్టుకొని నడుస్తది. ఎండకాలం మహబూబ్‌నగర్‌ల తారు రోడ్డు కాలుతది. కుక్కకు మనలెక్క ఒళ్లంత చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుడే. ఆ నల్ల దట్టపు బొచ్చుతోటి పొద్దుగాల, మళ్ల చీకటి పడ్డంక తిప్పాలె. అది తొమ్మిది పదేండ్లు బతుకుతది. నువ్వు హాస్టల్‌కు పోయినంక దాని బెల్ట్ ఎవరి చేతుల ఉంటది?

నా మాటైతే ఈ ఏడు వద్దు. కాని నా మాట మీదనే ఆగకు. పశువుల డాక్టర్‌ను అడిగితే అసొంటి కుక్కను ఐదేండ్లుగ సాదుతున్న ఇల్లు చెప్తడు. అమ్మనో నాయననో తోలుకొని తెల్లారగట్ల పోయి, వాళ్లతోటి గంట సేపు నడువు. లారీ పోతుంటే దాని చెవులు చూడు, పట్టుకున్న మనిషి మోచెయ్యి చూడు. మే నెలల ఏం చేసిండ్రో అడుగు. చెల్లెను తీసుకపోతే దాని చెయ్యి పెద్దోళ్లు పట్టుకోవాలె.

ఏం చూసినవో నాకు రాయి.

మీ తాత