కాగజ్‌నగర్ మిల్లు: వెదురు ఎంతకి కొన్నారు?

2025 మే నెలాఖరులో తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు లక్షన్నర హెక్టార్ల అడవిని కన్జర్వేషన్ రిజర్వ్ (వన్యప్రాణుల కోసం కాపాడే అడవి) అని ప్రకటించింది, మహారాష్ట్ర తడోబా పులుల అడవి నుంచి మన కవ్వాల్‌కి పులులు వచ్చిపోయే దారి అదే కాబట్టి. ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి, జూలైలో ఆ జీవోని నిలిపేశారు. అప్పుడు జరిగిన వాదనలన్నీ చూడండి, పులి ఒకవైపు, పోడు చేసుకునేవాడు ఇంకోవైపు. మూడో మనిషి గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. దశాబ్దాల తరబడి ఇదే అడవి నుంచి పర్మిట్ కాగితం చేతిలో పెట్టుకుని, పూర్తిగా చట్టబద్ధంగా లారీల మీద లారీలు వెదురు తెచ్చుకున్న కాగజ్‌నగర్ పేపర్ మిల్లే ఆ మూడో మనిషి. ఆ సంగతి తెలియకుండా ఈ గొడవ సగమే అర్థమవుతుంది, అందుకే ఈ నేపథ్యం.

ముందు పేరు. మిల్లు పేరు సిర్పూర్ పేపర్ మిల్స్, కానీ ఉన్నది సిర్పూర్‌లో కాదు. సిర్పూర్ (టి) వేరే ఊరు. మిల్లు పెట్టినచోటు అప్పట్లో కొత్తపేట. కాగజ్ అంటే కాగితం, మిల్లు వచ్చాక ఊరే కాగజ్‌నగర్ అయిపోయింది. ఎందుకు అక్కడే అంటే లెక్క సులువు: పక్కన పెద్దవాగు నీళ్లు, చుట్టూ వెదురు అడవి, కొంచెం దక్షిణానికి సింగరేణి బొగ్గు, ఊరి మీదుగా కాజీపేట–బల్లార్షా రైలు మార్గం. నాలుగూ ఒకేచోట దొరికే జాగా నిజాం రాజ్యంలో ఇంకోటి వెతకడం కష్టం.

కంపెనీ పుట్టింది 1938లో. హైదరాబాద్ సంస్థానానికి చివరి ప్రధాని అయిన మీర్ లాయక్ అలీ అప్పటికి ఇంజినీరు, వ్యాపారవేత్త, ఈ మిల్లు వెనక ఉన్న ముఖ్యుల్లో ఒకరు. కాగితం బయటికొచ్చింది 1942లో. ఈ రెండు తేదీల మధ్య 1940 ఉంది. అదే జిల్లాలో, జోడేఘాట్ గుట్టల మీద, కుమ్రం భీంని నిజాం పోలీసులు కాల్చి చంపిన ఏడాది. ఆయన అడిగింది జల్, జంగల్, జమీన్. అడవిని రిజర్వ్ చేసి గోండుల్ని, కోలాముల్ని ఎలా ఖాళీ చేయించారో ఆ తర్వాత నిజాం ప్రభుత్వమే పిలిపించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ తన రాతల్లో వివరంగా నమోదు చేశాడు. మిల్లు కోసమే భీంని చంపారని నేను అనడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. కానీ అడవి లోపల ఉన్నవాడికి కట్టె కొడితే జరిమానా, బయటినుంచి వచ్చినవాడికి లీజు అన్న పద్ధతి ఆ ఐదేళ్లలోనే ఒకే జిల్లాలో పక్కపక్కన నడిచింది, అది మాత్రం కనిపిస్తూనే ఉంది.

పోలీస్ యాక్షన్ అయ్యాక 1950లో మిల్లు బిర్లాల చేతికొచ్చింది, తర్వాత పొద్దార్ల చేతుల్లో నడిచింది. 

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. టన్ను కాగితం తీయాలంటే రెండు టన్నులకు పైగానే వెదురు కావాలి. ఆ వెదురు ఎంతకి కొన్నారు? పొరుగున కర్ణాటకలో ఈ లెక్క బయటపెట్టింది పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్. దండేలిలో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్లుకి 1958లో ప్రభుత్వం వెదురు ఇచ్చింది టన్ను రూపాయిన్నరకి. అదే వెదురు బుట్టలల్లుకునేవాళ్లు బజారులో కొనాలంటే టన్ను పదిహేను వందల లెక్కన పడేదని ఆయన చెప్పారు. రూపాయిన్నరకి వచ్చే సరుకుని ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడతారా? అక్కడ పొదలు ఖాళీ అయ్యాక మిల్లు ఇంకో జిల్లాకి, ఆ తర్వాత ఇంకో రాష్ట్రానికి వెళ్లి తెచ్చుకుంది. (ఆ వెస్ట్ కోస్ట్ వాళ్లదే ఇప్పుడు మన రాజమండ్రి ఆంధ్రా పేపర్ కూడా, 2019లో కొన్నారు.) ఇటువైపు కూడా నడిచింది ఇదే తరహా ఏర్పాటు: ప్రభుత్వ అడవి, దీర్ఘకాలపు ఒప్పందం, సర్కారు పెట్టిన రేటు. మన మేదరివాళ్లు తట్టకీ చాటకీ తడికకీ అదే వెదురు మీద బతికేవాళ్లు, వాళ్లకి మాత్రం అలాంటి ఒప్పందం ఎవరూ రాసివ్వలేదు.

వెదురు పొద నరకడానికి ఒక పద్ధతి ఉంది. ఆ ఏడాది మొలిచిన లేత బొంగుని ముట్టుకోకూడదు. ముదురు బొంగుల్లో కొన్నిటిని వదిలేయాలి, కొత్తది వాటిని ఆసరా చేసుకుని నిలబడాలి కాబట్టి. నేలకి కాస్త పైన, కణుపు మీద నరకాలి. ఒకసారి నరికిన కూపులోకి (నరకడానికి కేటాయించిన అడవి ముక్కలోకి) మళ్లీ మూడు నాలుగేళ్లకి గానీ పోకూడదు. ఇవన్నీ ఫారెస్ట్ వర్కింగ్ ప్లాన్లలో చక్కగా రాసి ఉంటాయి. కూపులో కత్తి పట్టినవాడికేమో కూలి కట్టల లెక్కన. ముదురు బొంగులు పొద మధ్యలో ఇరుక్కుని ఉంటాయి, లేతవి బయట అంచున, చేతికి అందేచోట ఉంటాయి. సాయంత్రానికి కట్టలు లెక్క చూపించాల్సిన మనిషి ఏది నరుకుతాడో చెప్పక్కర్లేదు. రెండు మూడు సీజన్లు అలా అంచు పోతే పొద పొట్టిగా, పుల్లల చీపురులా తయారవుతుంది.

దండేలిలో ఇంకో చిత్రం జరిగింది. అక్కడిది ముళ్ల వెదురు. నరకడానికి అడ్డమని పొద మొదట్లో ముళ్లన్నీ శుభ్రం చేయమని అటవీశాఖే చెప్పింది. ఆ ముళ్ల కంచె పోయేసరికి కొత్తగా వచ్చే కొమ్ముల్ని (లేత పిలకల్ని) పశువులు, అడవి జంతువులు మేసేశాయి. ఊళ్లోవాళ్లు మాత్రం ముళ్లని ఎప్పుడూ తీసేవాళ్లు కాదట. కాగజ్‌నగర్ ఉన్న ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా‌లో ఎక్కువగా ఉన్నది ముళ్లు లేని రకం, దానికి ఆ కంచె కూడా లేదు. పైగా వెదురు కొన్ని దశాబ్దాలకోసారి అడవంతా ఒకేసారి పూస్తుంది, గింజ రాల్చి చచ్చిపోతుంది. ఆ గింజే వెదురు బియ్యం. ఆ మొలకల్ని మేకా మంటా తగలకుండా కొన్నేళ్లు కాపాడితేనే మళ్లీ అడవి.

1988 జాతీయ అటవీ విధానం వచ్చేటప్పటికి ఢిల్లీకి కూడా విషయం తలకెక్కింది. పరిశ్రమలు తమ ముడిసరుకుని రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలి, అటవీ ఉత్పత్తుల్ని రాయితీ ధరకి ఇచ్చే అలవాటు ఆగిపోవాలి అని అందులో స్పష్టంగా రాశారు. మిల్లులు జామాయిల్, సుబాబుల్ వైపు మళ్లింది ఆ కాలంలోనే. అడవి మీద ఒత్తిడి తగ్గింది, అది ఒప్పుకోవాలి. కాకపోతే గిట్టుబాటు ధర బాధ రైతు నెత్తికొచ్చింది. ప్రకాశం, కృష్ణా జిల్లాల సుబాబుల్ రైతులు ఎన్నిసార్లు ధర్నాలు చేశారో పేపర్ చదివేవాళ్లందరికీ తెలుసు.

నీళ్ల సంగతి చెప్పకపోతే లోటే. ఎక్కడైనా సరే, పేపర్ మిల్లు ఊరంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుర్తొస్తుంది. ముక్కలు కొట్టిన వెదురుని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ వేసి ఉడికిస్తారు, గంధకం వాయువులు అక్కడ పుడతాయి, మన ముక్కు వాటిని అతి తక్కువ మోతాదులో కూడా పట్టేస్తుంది. ఉడికాక మిగిలే నల్లటి ద్రవాన్ని బాయిలర్లో కాల్చి రసాయనాలు వెనక్కి తీసుకుంటారు, అందులో సున్నం కూడా తిరిగి వాడుకోవచ్చు. కానీ వెదురులో సిలికా ఎక్కువ, అది సున్నంలో చేరితే మళ్లీ కాల్చడం కష్టం. అందుకే వెదురు మీద నడిచిన మిల్లుల దగ్గర తెల్లటి సున్నం బురద గుట్టలు పేరుకునేవి. గుజ్జుని తెల్లగా చేయడానికి క్లోరిన్ వాడితే తొందరగా నశించని విషాలు కూడా నీళ్లలోకి పోతాయి. 2003లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చార్టర్ పెట్టి, 1992కి ముందు పెట్టిన పెద్ద మిల్లులు టన్ను కాగితానికి వదిలే మురుగునీరు రెండేళ్లలో 140 ఘనపు మీటర్లకి, నాలుగేళ్లలో 120కి దించాలని చెప్పింది. అంటే లక్షా ఇరవై వేల లీటర్లు, టన్నుకి, అదీ తగ్గించాక! గోదావరి ఒడ్డున ఉన్న రాజమండ్రి మిల్లుకి కనీసం వెనక గోదావరి ఉంది. కాగజ్‌నగర్‌కి ఉన్నది పెద్దవాగు, ఎండాకాలం అందులో ఎంత నీరుంటుందో అటువాళ్లని అడగండి. ఆ వాగు పోయి కలిసేది ప్రాణహితలో.

ఆ ప్రాణహితకి అవతలి ఒడ్డు గడ్చిరోలి. అక్కడ మెండా-లేఖ అనే గోండు పల్లె 2006 అటవీ హక్కుల చట్టం పట్టుకుని కొట్లాడి, 2011 ఏప్రిల్‌లో తన వెదురుని తనే అమ్ముకునే హక్కు సాధించింది. అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఊరికి వచ్చారు, రవాణా పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టారు. ఊరే వెదురు కొట్టించి, బేరమాడి అమ్ముకుంది. అయినా 1927 భారత అటవీ చట్టంలో వెదురు ఇంకా చెట్టుగానే ఉండేది. గడ్డిజాతి మొక్కని చెట్ల జాబితాలోంచి తీయడానికి 2017 దాకా పట్టింది.

ఇటు కాగజ్‌నగర్లో 2014 సెప్టెంబర్‌లో మిల్లు ఆగింది. జీతాల్లేవు, వేల కుటుంబాలు, క్వార్టర్స్ ఖాళీ. పర్యావరణం గురించి మాట్లాడేవాళ్లు (నాతో సహా) ఈ నాలుగేళ్లని దాటవేస్తుంటారు, అది న్యాయం కాదు. మిల్లు ఆగితే వాగు బాగుపడుతుందేమో గానీ ఊరు నిలబడదు. 2018లో దివాలా ప్రక్రియలో జేకే పేపర్ దాన్ని తీసుకుంది, 371 కోట్ల ప్లాన్‌తో. ఊరు సంబరం చేసుకుంది, చేసుకోవాల్సిందే. దానికోసం రాష్ట్ర ప్రభుత్వం పదేళ్లపాటు ఇస్తామన్న రాయితీల్లో పన్నులు ఉన్నాయి, సింగరేణి బొగ్గు ఉంది. కలప కూడా ఉంది, అప్పటికి ముప్పై ఏళ్ల కిందటి 1988 అటవీ విధానం ఇక ఆపమన్నది ఇలాంటి రాయితీ అలవాటునే. జీవో 49 గొడవలో మిల్లు పేరు ఎందుకు రాలేదంటే ఇప్పుడది అడవి వెదురు మీద బతకడం లేదు కాబట్టి. పొదలు పోయిన జాగాలు మాత్రం ఆ లక్షన్నర హెక్టార్ల మ్యాపులోనే ఉన్నాయి.