మూడో వంతు గీతలు ఎవరు గీశారు?

ఫోన్ కెమెరాలో గ్రిడ్ ఆన్ చేస్తే రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు వస్తాయి. మనిషిని నడిమధ్యలో పెట్టకు, గీతలు కలిసేచోట పెట్టు అని మనకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. తమాషా ఏంటంటే ఈ రూల్ ఆఫ్ థర్డ్స్ అనే మాట కెమెరా కంటే ముందు పుట్టింది. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు పల్లె దృశ్యాలు గీయడం గురించి రాస్తూ, బొమ్మలో మూడింట ఒక వంతు ఆకాశం ఉంటే మిగతాది రెండు వంతులు, లేదా అటుదిటు ఉంటే కంటికి బాగుంటుందన్నాడు. అంతే, అదొక పెద్దమనిషి అభిరుచి.

అది ఫోటోల్లోకి ఎలా వచ్చిందో అర్థం కావాలంటే తొలినాటి ఫోటోగ్రాఫర్ల బాధ తెలియాలి. మీది కళేంటి, మెషీన్ పనే కదా అని అందరూ తీసిపారేసేవారు. దాంతో వాళ్లు పెయింటింగ్ దగ్గర ఉన్న రూల్స్ అన్నీ అరువు తెచ్చుకున్నారు. హెన్రీ పీచ్ రాబిన్సన్ అనే ఫోటోగ్రాఫర్ 1858లో ఐదు నెగటివ్‌లు కలిపి చనిపోతున్న అమ్మాయి ఫోటో ఒకటి తయారుచేశాడు, 1869లో ఏకంగా పుస్తకమే రాసి బ్యాలెన్స్, పిరమిడ్ ఆకారం అంటూ చిత్రకారుల పాఠాలన్నీ ఫోటోగ్రాఫర్లకు అప్పజెప్పాడు. నన్నడిగితే ఇవాళ్టికీ మనం వల్లించే కంపోజిషన్ పాఠాల్లో, అంటే ఫ్రేములో ఏది ఎక్కడ పెట్టాలనే పాఠాల్లో, సగం ఆ కాలపు న్యూనతాభావం నుంచి వచ్చినవే.

ఎదురుతిరిగినవాళ్లు అప్పుడే ఉన్నారు. జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఫోటోగ్రాఫర్‌కు 48 ఏళ్ల వయసులో కూతురూ అల్లుడూ కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఆవిడ తీసిన ముఖాలు మెత్తగా, కొంచెం ఔటాఫ్ ఫోకస్‌లో ఉండేవి, ఫిల్మ్‌కు బదులు అప్పుడు వాడే గాజు ప్లేట్ల మీద మరకలూ ఉండేవి. ఫోటోగ్రఫీ పత్రికలు ఆవిడకు పని రాదన్నాయి. ఏది సరైన ఫోకసో తేల్చే హక్కు ఎవరికుంది అని ఆవిడ 1864లో ఒక ఉత్తరంలో అడిగింది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు నేను వినలేదు.

టెక్నికల్ రూల్స్ కథ మాత్రం వేరు, వీటినీ వాటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే చర్చ దారితప్పుతుంది. సూర్యుడు నీ వీపు వెనక ఉండాలి అన్నది అందం గురించి చెప్పిన మాట కాదు, అప్పటి ఫిల్మ్‌కు బోలెడు వెలుతురు కావాలి కాబట్టి చెప్పింది. 1888లో వచ్చిన మొదటి కోడాక్ కెమెరాకు ఏం తీస్తున్నామో చూసుకునే వ్యూఫైండర్ కూడా లేదు, పైగా ఫోటో గుండ్రంగా వచ్చేది, ఇక మూడో వంతు ఎక్కడ వెతుకుతారు?

1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ లాంటి అమెరికన్ ఫోటోగ్రాఫర్లు కలిసి లెన్స్‌లో అతి చిన్న అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, దాని పేరే తమ గ్రూపుకు పెట్టుకున్నారు, ఎఫ్64 అని. ఆ రంధ్రం ఎంత చిన్నదైతే దగ్గరిదీ దూరందీ అంత స్పష్టంగా పడతాయి. పెయింటింగ్‌ను అనుకరించే మసక ఫోటోలు వద్దు, అంచు నుంచి అంచు దాకా స్పష్టంగా ఉండాలన్నది వాళ్ల పట్టు. కామెరాన్‌ను తిట్టినవాళ్లు విని ఉంటే సంతోషించేవాళ్లేమో. ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో కారులో వెళ్తుంటే హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రుడు కనిపించాడు, కింద సమాధుల శిలువల మీద ఆఖరి ఎండ పడుతోంది. కారాపి పెద్ద కెమెరా బిగించాడు కానీ వెలుతురు కొలిచే లైట్ మీటర్ ఎంత వెతికినా దొరకలేదు. చంద్రుడి కాంతి చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ అని ఆయనకు గుర్తుంది, దాన్ని బట్టే ఎక్స్‌పోజర్, అంటే ఫిల్మ్ మీద ఎంత వెలుతురు పడాలో, లెక్కగట్టి నొక్కాడు. రెండోది తీద్దామని ఫిల్మ్ హోల్డర్ తిప్పేలోపు శిలువల మీద ఎండ పోయింది. ఆ లెక్క నోటికి రాకపోతే ఆ ఫోటో లేదు. టెక్నిక్ నేర్చుకోవడం ఎందుకని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే.

అయితే అదే అమెరికాలో 1959లో రాబర్ట్ ఫ్రాంక్ అనే ఫోటోగ్రాఫర్ ఫోటోల పుస్తకం ‘ది అమెరికన్స్’ వచ్చింది. ఒరిగిన ఫ్రేములు, చీకటి ముఖాలు, గ్రెయిన్ అనే గరుకు చుక్కలు. అర్థంలేని మసక, తాగి తూలుతున్న హొరైజన్లు అంటూ ఒక ప్రముఖ ఫోటోగ్రఫీ పత్రిక ఏకిపారేసింది. ఫ్రాంక్‌కు స్ట్రెయిట్‌గా తీయడం రాక కాదు, అంతకుముందు ఫ్యాషన్ పత్రికలకు పనిచేసినవాడే. 1968లో జపాన్‌లో ‘ప్రొవోక్’ అనే పత్రిక ఇంకో అడుగు ముందుకేసింది. గరుకు, బ్లర్, ఔటాఫ్ ఫోకస్, ఈ మూడింటికీ జపనీస్‌లో ఉన్న పేర్లతోనే ఆ తీరును పిలిచేవారు. మూడు సంచికలకే పత్రిక ఆగిపోయింది, తీరు మాత్రం ఆగలేదు. వాళ్లను చూసి కావాలని చెయ్యి కదిపి తీసినవాళ్లు తర్వాత చాలామందే వచ్చారు, ఆ గ్రెయిన్ ఇప్పుడు ఫోన్‌లో చాలా ఎడిటింగ్ యాప్‌లు తెరిస్తే గ్రిడ్ ఉన్న అదే తెర మీద స్లైడర్‌గా ఉంటుంది, సున్నా నుంచి వంద దాకా.