రొమ్ము ఇంప్లాంట్ చుట్టూ బిగిసే పొర: 60 ఏళ్లుగా చేతికి తెలుస్తున్న సంగతి

దిల్‌సుఖ్‌నగర్‌లో మా చిన్నమ్మకు ఇరవై ఏళ్లుగా బ్లౌజులు కుట్టేది ఒకే టైలర్. 2018 దసరాకు కుట్టించుకున్న రెండూ ఎడమ పక్క సరిగ్గా కూర్చోలేదు. డాట్ కిందనే ఉండిపోయి, పైన గుడ్డ పట్టేసింది. చిన్నమ్మ కోపంగా తీసుకెళ్లి ముందు పడేస్తే, ఆమె టేపు పెట్టి మళ్లీ కొలిచి, "కొలత నేను మార్చలేదక్కా, మీ పాత బ్లౌజు పెట్టే కత్తిరించిన. మీకే ఎడమ పక్క పైకొచ్చింది" అంది.

అప్పటికి చిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి రెండేళ్లు. ఎడమ రొమ్ము తీసేసి, అప్పుడే రొమ్ము ఆకారం కోసం లోపల అమర్చే మెత్తటి సంచి, అంటే సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. తర్వాత రేడియేషన్ ఇచ్చారు. బోర్లా పడుకోవడం మానేసి ఆరు నెలలైందని, స్నానం చేసేటప్పుడు ఆ పక్క రాయిలా తగులుతోందని ఆ రోజు సాయంత్రం గానీ ఇంట్లో చెప్పలేదు. చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ క్యాన్సర్ మళ్లీ వచ్చిందేమోనని చూసి, "అంతా బాగుందమ్మా" అని పంపారు. ఆ మాట నిజమే. కానీ ఇంప్లాంట్ ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ప్రాణం దక్కింది చాలు, ఇంకా దీని గురించి ఏం అడుగుతాం అని ఆమె కూడా నోరు విప్పలేదు.

దీని పేరు క్యాప్సులర్ కాంట్రాక్చర్. ఆ పేరు మాకు తెలియడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. తెలిశాక పాత సంగతులు చదువుతుంటే నాకు బాధ కలిగించింది ఒకటే. ఇది అరుదైన జబ్బు కాదు, కొత్తదీ కాదు. ఇంప్లాంట్ పుట్టినప్పటి నుంచీ దాని వెంటే ఉంది.

ఒంట్లోకి పరాయి వస్తువు ఏది చేరినా, బయటికి నెట్టలేకపోతే శరీరం దాని చుట్టూ ఒక పొర అల్లి వేరు చేస్తుంది. ఆ పొరనే క్యాప్సూల్ అంటారు. మనం మింగే మందు క్యాప్సూల్‌కూ దీనికీ సంబంధం లేదు. గాయం మానినప్పుడు మచ్చ కట్టే కొలాజెన్‌తోనే ఇదీ తయారవుతుంది. ఇంప్లాంట్ పెట్టించుకున్న ప్రతి ఒక్కరిలో ఈ పొర వస్తుంది, రావాలి కూడా. ఇంప్లాంట్‌ను ఉన్నచోట పట్టి ఉంచేది అదే. కొందరిలో మాత్రం ఆ పొర మందమై, ముడుచుకోవడం మొదలుపెడుతుంది. అందులో కండరంలా బిగుసుకోగల కణాలుంటాయి, అవి లాగేకొద్దీ ఇంప్లాంట్‌కు ఉన్న జాగా తగ్గుతుంది. లోపలి ఇంప్లాంట్ గట్టిపడదు, మెత్తగానే ఉంటుంది. నీళ్ల బెలూన్‌ను రెండు చేతులతో బిగించి పట్టుకుంటే ఎలా గట్టిగా తగులుతుందో ఇదీ అంతే. అలా నొక్కుకుపోయి గుండ్రంగా బంతిలా మారి, పైకి జరుగుతుంది. టైలర్ టేపుకు దొరికింది ఆ జరుగుబాటే.

గట్టిపడటం అనే ఈ చిక్కు సిలికాన్ కంటే పాతది. 1895లో జర్మనీ సర్జన్ విన్సెంజ్ చెర్నీ ఒకామె వీపు నుంచి తీసిన కొవ్వు గడ్డను రొమ్ములో అమర్చాడు. తర్వాత కొందరు కరిగించిన పారఫిన్ మైనాన్ని సూదితో ఎక్కించారు. అది లోపల గడ్డలు కట్టి, పుండ్లై, ఆడవాళ్ల ఒళ్లు పాడు చేసింది. 1950లలో ఐవలాన్ అనే ప్లాస్టిక్ స్పాంజి వచ్చింది. పెట్టిన కొత్తలో మెత్తగా ఉండేది, కండ దాని రంధ్రాల్లోకి చొచ్చుకుపోయాక కుంచించుకుని గట్టిపడేది.

1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే సర్జన్లు టిమ్మీ జీన్ లిండ్సే అనే ఆవిడకు మొట్టమొదటి సిలికాన్ జెల్ ఇంప్లాంట్లు పెట్టారు. అంతకు ముందు ఎస్మెరాల్డా అనే కుక్క మీద పరీక్షించారు. లిండ్సే ఆసుపత్రికి వెళ్లింది రొమ్ము మీది పచ్చబొట్టు తీయించుకోవడానికి. డాక్టర్లు ఇది పెట్టించుకుంటావా అని అడిగారు, సరేనంది. డౌ కార్నింగ్ కంపెనీ తయారు చేసిన ఆ ఇంప్లాంట్‌కు మందపాటి తొడుగు, జారిపోకుండా వెనక డేక్రాన్ గుడ్డ పట్టీలు ఉండేవి. రొమ్ము తీసేసిన క్యాన్సర్ పేషెంట్లకు ఛాతీ చర్మం కింద దీన్ని పెట్టవచ్చని 1971లో స్నైడర్‌మన్, గుత్రీ అనే సర్జన్లు రాశాక మా చిన్నమ్మలాంటి వాళ్లకూ దారి తెరుచుకుంది.

వెంటనే గట్టిపడటం మీద ఫిర్యాదులూ మొదలయ్యాయి. తొడుగు మందంగా ఉండటం వల్లేనేమో అని 1970లలో పల్చని తొడుగు, పల్చని జెల్ తెచ్చారు. గట్టిపడటం ఆగలేదు సరికదా, తొడుగు చిరగడం, జెల్ బయటికి ఊరడం ఎక్కువైంది. అదే కాలంలో 1975లో జేమ్స్ బేకర్ అనే సర్జన్ ఈ సమస్యకు నాలుగు మెట్లు గీశాడు. ఒకటో గ్రేడులో రొమ్ము మామూలుగా మెత్తగా ఉంటుంది. రెండులో చేతికి కాస్త బిగువు తెలుస్తుంది, చూపుకు తెలియదు. మూడులో గట్టిగా ఉండి, ఆకారం మారినట్టు కనిపిస్తుంది. నాలుగులో గట్టిదనంతో పాటు నొప్పి ఉంటుంది, ముట్టుకుంటే చల్లగా తగలొచ్చు. ఇవాళ్టికీ హైదరాబాద్‌లో ఏ ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లినా రాసేది ఈ గ్రేడే. మెషీన్ ఏదీ ఇచ్చే అంకె కాదు ఇది, కంటితో, చేత్తో చూసి చెప్పేది. అంటే పేషెంట్ చేతికి డాక్టర్ కంటే ముందే తెలుస్తుంది. అడిగితే చెప్పగలదు. ఈ సంగతిని నేను గట్టిగా చెప్పదలుచుకున్నాను.

ఆ రోజుల్లో వైద్యం కూడా చేత్తోనే చేసేవారు. గట్టిపడ్డ రొమ్మును సర్జన్ రెండు చేతులా పట్టి, లోపలి పొర టప్‌మని పగిలేదాకా పిండేవాడు. కోత లేదు, ఖర్చు లేదు, అక్కడికక్కడే మెత్తబడేది. కానీ పొరతో పాటు ఇంప్లాంట్ చిరిగేది, లోపల రక్తం గడ్డ కట్టేది, కొన్నాళ్లకు మళ్లీ బిగిసేది. ఇప్పుడు తయారీదారులే ఇలా చేయవద్దంటున్నారు. మసాజ్ పేరుతో ఇంట్లో ఎవరైనా బలంగా పిసకమని చెబితే వినకండి.

పొర బిగియకుండా ఇంప్లాంట్ పైభాగాన్నే మారిస్తే ఎలా ఉంటుందన్నది తర్వాతి ఆలోచన. 1970లో యాష్లీ అనే సర్జన్ పాలీయురెథేన్ ఫోమ్ అంటించిన ఇంప్లాంట్ తెచ్చాడు. గరుకు ఉపరితలం మీద కొలాజెన్ పోగులు ఒకే దిక్కున వరుస కట్టలేవు, అందుకని అన్నీ కలిసి లాగలేవు. గట్టిపడటం బాగా తగ్గింది. కానీ ఆ ఫోమ్ ఒంట్లో కరిగి, క్యాన్సర్ కలిగించగలదని అనుమానమున్న రసాయనం పుడుతోందన్న భయంతో 1991లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. ఈలోగా సిలికాన్ తొడుగునే గరుకుగా చేసిన టెక్స్చర్డ్ ఇంప్లాంట్లు 1980ల చివర్లో వచ్చాయి.

అప్పుడే పెద్ద గొడవ లేచింది. 1992లో అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సిలికాన్ జెల్ ఇంప్లాంట్ల వాడకాన్ని దాదాపుగా ఆపేసింది. వేలకొద్దీ కేసులు పడి డౌ కార్నింగ్ 1995లో దివాలా పిటిషన్ వేసింది. ఇంప్లాంట్ వల్ల కీళ్ల జబ్బులు, రోగనిరోధక జబ్బులు వస్తాయా అన్నదే అందరి వాదన. 1999లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పెద్ద నివేదిక ఇస్తూ, ఒళ్లంతటికీ పాకే ఆ జబ్బులకు రుజువు దొరకలేదని, అసలు పట్టించుకోవాల్సింది పెట్టిన చోట వచ్చే గట్టిపడటం, చిరగడం, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు అని చెప్పింది. పేపర్లు మొదటి సగాన్ని పట్టుకున్నాయి. రెండో సగం అలాగే ఉండిపోయింది. 2006లో సిలికాన్ మళ్లీ అనుమతి పొందింది. ఆ అనుమతి కోసం అలెర్గాన్ అనే ఇంప్లాంట్ కంపెనీ చేసిన పదేళ్ల అధ్యయనంలో మూడు, నాలుగు గ్రేడుల గట్టిపడటం సౌందర్యం కోసం పెట్టించుకున్నవాళ్లలో సుమారు 19 శాతం, రొమ్ము పునర్నిర్మాణం చేయించుకున్నవాళ్లలో సుమారు 25 శాతం. నలుగురిలో ఒకరు! ఈ ఒక్క అంకె ఆపరేషన్‌కు ముందు చిన్నమ్మకు ఎవరైనా చెప్పి ఉంటే అన్నాళ్లు అలా మూగగా భరించేది కాదు.

గరుకు ఇంప్లాంట్ల కథ అంతటితో అయిపోలేదు. ఇంప్లాంట్ చుట్టూ ఉన్న పొరలో పుట్టే ఒక అరుదైన లింఫోమా క్యాన్సర్ గురించి 1997లోనే ఒక కేసు బయటికొచ్చింది. ఎఫ్‌డీఏ 2011లో హెచ్చరించింది. చాలావరకు కేసులు టెక్స్చర్డ్ రకంతో ముడిపడ్డవే. చివరికి 2019 జూలైలో అలెర్గాన్ తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. గట్టిపడకుండా కాపాడాలని చేసిన గరుకే ఇంకో ముప్పు తెచ్చిపెట్టింది. ఏ లక్షణాలూ లేనివాళ్లు భయపడి తీయించుకోనక్కర్లేదని ఎఫ్‌డీఏ అప్పుడే చెప్పింది. ఇంప్లాంట్ పెట్టి ఏడాది దాటాక రొమ్ము ఒక్కసారిగా ఉబ్బితే మాత్రం ఆగకూడదు. అల్ట్రాసౌండ్ తీసి, నీరు చేరి ఉంటే సూదితో లాగి, ఆ లింఫోమాను గుర్తించే సీడీ30 అనే పరీక్షకు పంపాలి.

ఆ జూలైలో మా ఇంట్లో టెన్షన్ ఇంతా అంతా కాదు. చిన్నమ్మకు పెట్టింది ఏ రకం? ఇంప్లాంట్ డబ్బాలో కంపెనీ, మోడల్, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి ఆసుపత్రి రికార్డుకు, ఒకటి పేషెంట్‌కు. ఆమె ప్లాస్టిక్ ఫైలంతా మంచం మీద పరిచి వెతికాం. కీమో చార్టులున్నాయి, రేడియేషన్ ప్లాన్ ఉంది, పార్కింగ్ రసీదులు కూడా ఉన్నాయి. డిశ్చార్జి సమ్మరీలో మాత్రం "సిలికాన్ ఇంప్లాంట్, ఎడమ" అని ఒక్క లైను, అంతే. ఆపరేషన్ చేసిన ప్రైవేట్ ఆసుపత్రి చుట్టూ మూడు వారాలు తిరిగితే, పాత స్టోర్స్ బిల్లులో దొరికింది. నున్నటి రకం. ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆ మూడు వారాలు ఆమె నిద్రపోలేదు.

ఎందుకు బిగుస్తుందో ఇప్పుడు కొంత స్పష్టత వచ్చింది. చర్మం మీద మామూలుగా ఉండే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి బ్యాక్టీరియా ఆపరేషన్‌లో ఇంప్లాంట్‌కు అంటుకుని, జిగురు తెరలా పేరుకుంటుంది. జ్వరం రాదు, చీము రాదు, కానీ దానివల్ల లోపల ఉండిపోయే కొద్దిపాటి వాపుకు పొర మందమవుతూ పోతుంది. అందుకే ఇప్పుడు జాగ్రత్తగా ఉండే సర్జన్లు ఇంప్లాంట్‌ను వీలైనంత తక్కువ ముట్టుకుంటారు, ముట్టుకునే ముందు గ్లవ్స్ మారుస్తారు, లోపలి జాగాను మందు ద్రావణంతో కడుగుతారు. చనుమొన చుట్టూ కాకుండా రొమ్ము కింది మడతలో కోత పెడతారు. రక్తం, నీరు చేరడం ఇంకో కారణం. అన్నిటికంటే పెద్దది రేడియేషన్. మన దగ్గర రొమ్ము క్యాన్సర్ చాలామందిలో ముదిరాకే బయటపడుతుంది, కాబట్టి రేడియేషన్ తప్పనివాళ్లు ఎక్కువ. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి అయినా, బంజారాహిల్స్‌లోని బసవతారకం అయినా, నిమ్స్ అయినా, రేడియేషన్ పడే అవకాశముంటే, దానివల్ల ఇంప్లాంట్ గట్టిపడే ముప్పు ఎంత అని ముందే అడగాలి. రేడియేషన్ మానుకోవడం మాత్రం దీనికి జవాబు కాదు, ప్రాణం ముందు.

వైద్యం గ్రేడును బట్టి ఉంటుంది. ఒకటి, రెండు అయితే గమనిస్తూ ఉండటమే. ఉబ్బసానికి వాడే మాంటెలుకాస్ట్, జాఫిర్లుకాస్ట్ మాత్రలు కొందరు డాక్టర్లు రాస్తారు. ఈ పనికి వాటికి అనుమతి లేదు, ఫలితం కూడా అందరిలో ఒకేలా ఉండదు. పైగా మాంటెలుకాస్ట్‌తో మనసు మీద పడే దుష్ప్రభావాల గురించి ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరిక చేర్చింది. సొంతంగా కొని వాడే మందు కాదది. మూడు, నాలుగు గ్రేడులకు ఆపరేషనే. పొరను కోసి వదులు చేయొచ్చు, లేదా మొత్తం తీసేయొచ్చు. సాధారణంగా ఇంప్లాంట్ కూడా మారుస్తారు, కండరం మీద ఉన్నదాన్ని కిందికి మారుస్తారు. అయినా మళ్లీ బిగిసే అవకాశం ఉంటుంది, ఈ మాట ఆపరేషన్‌కు ముందే వినాలి. రేడియేషన్ పడ్డ చోట వీపు నుంచో పొట్ట నుంచో సొంత కండ తెచ్చి పెట్టడం నయం. ఇంప్లాంట్ తీసేసి అలాగే ఉండిపోవడం కూడా ఒక దారే, అది ఎంచుకున్న ఆడవాళ్లను ఎవరూ తక్కువగా చూడకూడదు. గట్టిదనంతో పాటు జ్వరం, ఎరుపు, వేడి ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే చూపించాలి.

ఖర్చు విషయం ఒకటి. ఇన్సూరెన్స్‌లో ప్లాస్టిక్ సర్జరీ రాదని కౌంటర్‌లో ఠక్కున అనేస్తారు. మన నానక్‌రాంగూడలోనే ఆఫీసున్న ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన మినహాయింపు నిబంధనలో ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణాన్ని ఆ మినహాయింపు నుంచి వదిలేశారు. పాలసీ కాగితంలో ఆ లైను చూపించి అడగండి.

చిన్నమ్మకు 2020 ఫిబ్రవరిలో, వేరే ఆసుపత్రిలో, రెండో ఆపరేషన్ అయింది. గ్రేడ్ నాలుగు. పొర మొత్తం తీసి పరీక్షకు పంపారు, క్యాన్సర్ లేదని రిపోర్టు వచ్చింది. వీపు కండ తెచ్చి, దాని కింద కొత్త ఇంప్లాంట్ పెట్టారు. డ్రెయిన్ ట్యూబ్‌తో వార్డులో పడుకున్న మర్నాడు, రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్‌ను ఆమె మొదట అడిగింది స్టిక్కర్ గురించే. సిస్టర్ తెచ్చి ఇచ్చింది. చిన్నమ్మ దాన్ని ఫైలు మొదటి పేజీలో తన చేత్తో అంటించి, ఫోన్‌లో ఫొటో తీసి నాకు పంపింది.